రేగులవలస డిపోలో పూర్వ విరుద్ధ చర్య

రేగులవలస డిపోకి డ్రైవర్ల కాళ్ల బలం కొలిచే యంత్రం వచ్చిన రోజున దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని కూడా చూశారు గానీ దానికి చక్రాలు లేవు. అదొక కుర్చీ. కుర్చీ ముందు ఒక బ్రేకు పెడలు, పెడలు పైన రెండు బల్బులు. కూర్చుని తొక్కాలి. చాలినంత గట్టిగా తొక్కితే పచ్చబల్బు వెలుగుతుంది, లేకపోతే ఎర్రబల్బు. పచ్చ వెలిగించినవాడు డ్రైవరు, ఎర్ర వెలిగించినవాడు అన్‌ఫిట్. ఎంత గట్టిగా తొక్కితే చాలునని ఎవరు నిర్ణయించారయ్యా అని ఒకాయన అడిగితే, ఆ సంగతి యంత్రంతో పాటే ప్యాకింగులో వచ్చిందని చెప్పారు.

అన్‌ఫిట్ అయినవాణ్ణి ప్రజా ప్రయాణ మండలి ఉద్యోగంలోంచి తీసెయ్యదు. అంత దయలేని సంస్థ కాదది. ఖాకీ చొక్కా విప్పించి, నీలం చొక్కా తొడిగించి, గ్యారేజీలో బస్సులు కడగమంటుంది. కిందటేడు అలా నీలం చొక్కాలోకి దిగిన పోలయ్యని, ఆయన ఏళ్ల తరబడి బస్సు నడిపిన ఊళ్లో ఒకావిడ చూసి, "నువ్వు మా డ్రైవరుబాబు తమ్ముడివేటి?" అని అడిగిందట. పోలయ్య అవునని చెప్పి వచ్చేశాడు.

అందుకే తవిటినాయుడికి ఆ కుర్చీని చూస్తే గుండెల్లో రాయి పడింది. రిటైర్మెంటు ఇంక రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ స్టీరింగు ముందే కూర్చుని, ఖాకీ చొక్కాతోనే దిగిపోవాలని ఆయన పట్టుదల. ఆయనది గుమ్మడివలస రూటు. గురువారం సంతకి చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చే ఆడవాళ్లు రోడ్డు పక్క బుట్టలు దించుకుని నిలబడితే, తవిటినాయుడు బస్సు ముందు తలుపు సరిగ్గా బుట్ట పక్కకి వచ్చి ఆగుతుంది. ఒక అడుగు ముందుకి గానీ వెనక్కి గానీ పోదు. ఈ విద్యకి ఎవరూ ఆయనకి శాలువా కప్పలేదు, ఆయనా ఆశించలేదు. అయితే ఈ మధ్య చలికాలం పొద్దుటి పూట కుడి మోకాలు కాస్త మొరాయిస్తోంది. ఆ సంగతి ఆయనకీ, ఆయన భార్య నరసమ్మకీ, నరసమ్మ కాచే నువ్వులనూనెకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

తెల్లవారుజామున పరీక్ష పెట్టారు. తవిటినాయుడు కూర్చుని తొక్కాడు. ఎర్రబల్బు వెలిగింది.

"ఇంకోపాలి తొక్కుతాను బాబూ," అన్నాడు.

ఇంకోసారి తొక్కినా ఎర్రే. పక్కన సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు అన్‌ఫిట్ ఉత్తర్వు కాగితం టైపు మిషన్‌లోకి ఎక్కించేశాడు. సన్యాసిరావు చెడ్డవాడు కాడు, మంచివాడూ కాడు. నిబంధన ఎటు చూపిస్తే అటు చూసే మనిషి.

సరిగ్గా అప్పుడే డిపో మేనేజరు చక్రధరరావు జీపు దిగాడు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే హోటల్లో 'మానవ వనరుల కండర సామర్థ్యం' అనే సెమినారు ముగించుకుని తిన్నగా వస్తున్నాడు. ఆ సెమినారులో ఎక్కడినుంచో వచ్చిన కండరాల శాస్త్రవేత్త ఒకాయన ఒక విశేషం చెప్పాడు. తొడ ముందువైపు కండరం కాలిని చాపుతుంది, వెనకవైపు కండరం కాలిని మడుస్తుంది, ఒకదానికొకటి ఎదురు. ముందు ఆ వెనక కండరాన్ని గట్టిగా బిగించి, వెంటనే కాలు చాపితే, ముందు కండరం మామూలుకంటే కాస్త ఎక్కువ జోరుగా పనిచెయ్యవచ్చునట. ఇది అందరికీ ఒకేలా వర్తించదనీ, ఆ జోరు ఎక్కువసేపు నిలవదనీ, ఇంకా పరిశోధన జరగాలనీ కూడా ఆయన చెప్పాడు. కానీ ఆ మాటలు చెప్పే వేళకి పక్క హాల్లో రొయ్యల పకోడీ వచ్చింది. మేనేజరు లేచి వెళ్లాడు.

"ఆగండి! ఇతనికి పూర్వ విరుద్ధ చర్య జరిపించారా?" అన్నాడు చక్రధరరావు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన స్వయంగా పెడలు బిగించిన కడ్డీకి ఒక తోలుపట్టీ కట్టించి, రెండో కొస తవిటినాయుడి మడమకి తగిలించి, "కాలు వెనక్కి లాగు. ఇంకా. ఊఁ, ఇప్పుడు తొక్కు!" అన్నాడు.

తవిటినాయుడు పళ్లు బిగించి లాగి, ఆ ఊపులోనే తొక్కాడు. పచ్చబల్బు వెలిగింది.

డిపో అంతా చప్పట్లు కొట్టింది. తవిటినాయుడికి కళ్లనీళ్లు తిరిగాయి. మేనేజరుకీ తిరిగాయి గానీ కారణం వేరు. ఇంతకాలం ఆయన ఈ మారుమూల డిపోలో పడి ఉన్నది ఎందుకో ఆయనకి ఇప్పుడు బోధపడింది.

మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, విరుద్ధ కండరమును ముందుగా బిగించినచో అసలు కండరము ద్విగుణీకృత బలముతో పనిచేయునని శాస్త్రీయముగా రుజువైనందున, ఇకపై ఈ డిపో యందు ఏ చర్యనైనను దాని విరుద్ధ చర్యను ముందుగా నిర్వర్తించిన పిమ్మటనే నిర్వర్తించవలెను. పూర్వ విరుద్ధ చర్య లేని ఏ చర్యయును, ఏ ఉత్తర్వును చెల్లనేరదు."

పేరు పొడుగ్గా ఉందని జనం దాన్ని పూవిచ అన్నారు. సన్యాసిరావు సర్క్యులర్ చదివి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "సెలవు మంజూరు చేసే ముందు తిరస్కరించడం మనం మొదట్నుంచీ చేస్తున్నదే సార్. దానికింత మంచి పేరుందని తెలీదు," అన్నాడు.

ముందుకి వెళ్లడానికి విరుద్ధం వెనక్కి వెళ్లడం కాబట్టి, ప్రతి బస్సూ స్టాండులోంచి బయల్దేరే ముందు కొంతదూరం వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. వెనకున్న బస్సు దారివ్వాలంటే ఆ వెనకున్నది కదలాలి. అన్నీ వెనక్కే కదులుతూ, ఆఖరి బస్సు బస్టాండు వెనక గోడని తాకింది. గోడ కూలింది. గోడ అవతల మగవాళ్ల మరుగుదొడ్డి ఉండేది. లోపలున్నవాళ్లకి ముందెన్నడూ ఎరగనంత గాలీ వెలుతురూ వచ్చాయి. కొత్త గోడ నిర్మాణానికి పూర్వ విరుద్ధ చర్య విజయవంతంగా పూర్తయిందని మేనేజరు పైకి నివేదిక పంపాడు.

కండక్టర్ల సంగతి ఇంకోలా ఉంది. టిక్కెట్టు ఇచ్చే ముందు లేదనాలి, ఎక్కించుకునే ముందు దిగమనాలి. తవిటినాయుడి బస్సులో కండక్టరు సత్యవతి మెత్తని మనిషి. మొదటి రోజు చింతపండు గైరమ్మతో, "టిక్కెట్టు లేదు, దిగిపో పిన్నీ," అనేసి తనే తల దించుకుంది.

"ఓలమ్మ, నానేటి సేసినానే?" అని గైరమ్మ ఘొల్లుమంది.

"ఏటీ సెయ్యలేదు పిన్నీ. రూలు. ఇప్పుడు ఎక్కు."

నాలుగు వారాలు తిరిగేసరికి సంత ఆడవాళ్లు ఆరితేరిపోయారు. బస్సు ఆగగానే "నానొల్లను, నీ బస్సూ ఒద్దు, నువ్వూ ఒద్దు" అని ముందే తిట్టి, ఆ తర్వాత నవ్వుకుంటూ బుట్టలు ఎక్కించుకునేవారు. పూవిచ ప్రజల్లోకి చొచ్చుకుపోయిందని మేనేజరు ఇంకో నివేదిక పంపాడు.

చిక్కంతా డ్రైవర్ల మీటింగులో వచ్చింది. గణపతి అనే డ్రైవరు వెనక వరసలోంచి లేచి, "అన్నిటికీ సెప్పినారు, బాగుంది సార్. మరి బ్రేకుకి యెతిరేకం ఏటి?" అని అడిగాడు.

 బ్రేకుకి విరుద్ధం ఏమిటో అక్కడున్న ప్రతివాడి కుడికాలికీ తెలుసు. బ్రేకు వేసే ముందు విధిగా యాక్సిలరేటరు తొక్కాలని సర్క్యులర్ చెబుతోందన్న సంగతి, దాన్ని రాసినవాడికి అప్పుడే తట్టింది. చక్రధరరావు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇది బహుముఖీనమైన అంశం. దీనిని విరామ నిర్ణయ కమిటీకి నివేదిస్తున్నాను. విరుద్ధ చర్యకీ, అసలు చర్యకీ మధ్య ఎంత విరామం ఉండాలో ఆ కమిటీ తేలుస్తుంది. ఈలోగా డ్రైవర్లు విచక్షణతో వ్యవహరించాలి."

డ్రైవర్లందరూ "అలాగే సార్" అన్నారు. విచక్షణ అంటే ఏమిటో వాళ్లకి తెలుసు గనక, రోడ్డు మీద అందరూ ఎప్పటిలాగే బ్రేకు వేసుకున్నారు.

తవిటినాయుడు మాత్రం నవ్వుకోలేకపోయాడు. ఆయన ఖాకీ చొక్కా ఇప్పుడు ఆ తోలుపట్టీ మీద వేలాడుతోంది. ఎవరు వచ్చినా మేనేజరు ఆయన్ని పిలిపించి, "పూర్వ విరుద్ధ చర్యకి సజీవ నిదర్శనం!" అని కుర్చీలో కూర్చోబెట్టేవాడు. లాగేవాడు, తొక్కేవాడు, పచ్చబల్బు వెలిగేది. ఒకరోజు లాగాక మేనేజరుకి ఫోను వచ్చింది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తవిటినాయుడు ఆగి, తర్వాత తొక్కాడు. ఎర్ర వెలిగింది.

"సార్, ఆ జోరు మరి నిలవట్లేదు," అన్నాడు భయంభయంగా. "లాగినెంటనే తొక్కితేనే పన్జేస్తంది."

"నిలుస్తుంది. నిలవదని సర్క్యులర్‌లో ఎక్కడా లేదే!" అన్నాడు మేనేజరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నరసమ్మ, "సుబ్బరంగా బండి ఆపుతావు కదా, ఆ కుర్సీ గోలేటి నీకు?" అంది. తవిటినాయుడు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. బండి ఆపడం వేరు, ఆపగలనని కుర్చీకి రుజువు చెయ్యడం వేరు. రెండోది లేకపోతే మొదటిదాన్ని చెయ్యనివ్వరు.

ఇంతలో రేగులవలస నివేదికలు రాజధాని చేరాయి. కార్యనిర్వాహక సంచాలకులు, అంటే ఈడీ, హయగ్రీవశర్మగారు పూవిచని రాష్ట్రంలోని డిపోలన్నిటికీ వర్తింపజేస్తూ సంతకం పెట్టి, దాని ప్రారంభోత్సవం పుట్టినచోటే జరగాలని స్వయంగా బయల్దేరి వచ్చారు. డిపోకి సున్నం వేశారు. సున్నం వేసే ముందు బొగ్గు పూశారు. షామియానా కట్టారు. విలేకర్లకి ముందు వరసలో కుర్చీలు వేశారు.

కార్యక్రమం ఇలా కుదిరింది. ముందు సజీవ నిదర్శనం కాలు లాగుతాడు. అది చర్యకి పూర్వం కదా, కాబట్టి అన్నిటికంటే ముందు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతోపన్యాసం, మేనేజరు ప్రసంగం, ఈడీగారి ప్రసంగం. చివర్లో, అందరూ చూస్తుండగా, పెడలు తొక్కడం.

తవిటినాయుడు కాలు లాగాడు. ఆపైన దీపం వెలిగించారు, గాలికి ఆరింది, మళ్లీ వెలిగించారు. ఎవరి పాపో ప్రార్థన పాడింది. మేనేజరు కండరాల గురించి మాట్లాడుతూ వేదాల దాకా వెళ్లి, అక్కణ్ణుంచి తన బాల్యం దాకా వెళ్లాడు. కుర్చీలో కూర్చున్న తవిటినాయుడికి తన తొడలో జోరు ఇంకిపోవడం తెలుస్తూనే ఉంది. ఒకసారి మళ్లీ లాగుదామని కాలు కదిపితే, "కదలకయ్యా, కార్యక్రమం దెబ్బతింటుంది," అని సన్యాసిరావు గుసగుసలాడాడు. ఈడీగారు, "విరోధమే వికాసం. వెనకడుగే మన సంస్థకి ముందడుగు!" అని ముగించారు. చప్పట్లు.

"ఇప్పుడు తొక్కు!" అన్నాడు మేనేజరు.

ఎర్ర వెలిగింది.

విలేకర్లు తలలు ఎత్తారు. ఈడీగారు మేనేజరు వైపు చూశారు. మేనేజరు ఆ క్షణంలోనే తవిటినాయుడికి దూరపు బంధువు కూడా కాకుండా పోయాడు.

"సార్, సిద్ధాంతం నిర్దుష్టం. లోపం వ్యక్తిది. ఇతను మొదట్నుంచీ అన్‌ఫిట్టే సార్," అన్నాడు.

"అయితే ఇంకా ఎందుకు ఉపేక్షించారు? తక్షణం అన్‌ఫిట్ ఉత్తర్వు ఇవ్వండి," అన్నారు ఈడీగారు.

తవిటినాయుడు తన కుడికాలి వైపు చూసుకున్నాడు. ఆ పొద్దున్నే ఇదే కాలితో గైరమ్మ బుట్ట పక్కన తలుపు ఆపి వచ్చాడు. ఆ కాలూ ఇదే, ఈ మనిషీ ఇదే. ఇంకాసేపట్లో నీలం చొక్కా తెస్తారు.  కోపం వచ్చింది గానీ, అంతమంది పెద్దల ముందు కోపం చూపించే అలవాటు లేక అది వినయంగా బయటపడింది.

"మరి దానికి పూవిచ అయ్యిందా బాబూ?" అని అడిగాడు.

"దేనికి?" అన్నారు ఈడీగారు.

"అన్‌ఫిట్టు కాయితానికి బాబూ."

 సన్యాసిరావు అప్పటికే కాగితం ఎక్కించిన టైపు మిషన్ మీదనుంచి చేతులు తీసేశాడు. నిబంధన ఎటు చూపిస్తే అటు చూసే ఆ మనిషి, ఈడీగారే సంతకం పెట్టిన రాష్ట్రవ్యాప్త ఉత్తర్వు తీసి పైకి చదివాడు. "పూర్వ విరుద్ధ చర్య లేని ఏ చర్యయును, ఏ ఉత్తర్వును చెల్లనేరదు."

"అంటే?"

"అంటే సార్, అన్‌ఫిట్ ఉత్తర్వు ఇవ్వాలంటే ముందుగా ఇతను ఫిట్ అని ఉత్తర్వు ఇవ్వాలి."

ఈడీగారు విలేకర్ల వైపు చూశారు. వాళ్లు రాసుకుంటున్నారు. పుట్టినరోజునే సిద్ధాంతానికి మినహాయింపు ఇస్తే అది బతికి బట్టకడుతుందా?

"ఇచ్చెయ్యండి. ఆ వెంటనే అన్‌ఫిట్ ఇవ్వండి."

"వెంటనే కుదరదు సార్. రెండింటికీ మధ్య విరామం ఉండాలి."

"ఎంత విరామం?"

"విరామ నిర్ణయ కమిటీ తేల్చాలి సార్."

"ఆ కమిటీ ఏదీ? పిలవండి!"

"కమిటీ వేసే ముందు పూర్వ విరుద్ధ చర్యగా దాన్ని రద్దు చేశాం సార్," అన్నాడు సన్యాసిరావు. "రద్దు చేశాక ఎంత విరామం తర్వాత వెయ్యాలో కమిటీ తేల్చగానే, కమిటీ వేస్తాం."

 ఈడీగారు మెల్లగా, మెచ్చుకోలుగా తల ఊపారు. అటువంటి పటిష్ఠమైన ఏర్పాటు ప్రధాన కార్యాలయంలో కూడా లేదు.

ఫిట్ ఉత్తర్వు టైపయింది, సంతకమయింది, ముద్ర పడింది. తవిటినాయుడు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. బయట గుమ్మడివలస బస్సు నిండిపోయి ఉంది. సత్యవతి తలుపు దగ్గర నిలబడి ఆయన ముఖం చదవాలని చూస్తోంది.

"ఏటయ్యింది మావా?"

"ఆ కమిటీ ఎంతకీ తేల్చదని నాకు తేలిపోయిందమ్మా. బెల్లు కొట్టు," అన్నాడు.

ఆ రెండేళ్లూ గడిచాయి. కమిటీ పడలేదు. అన్‌ఫిట్ ఉత్తర్వు రాలేదు. బుట్టల పక్కన తలుపు ఆగుతూనే ఉంది. తవిటినాయుడి పదవీ విరమణ రోజు వచ్చింది. గేటు బయట నరసమ్మ కొత్త చీర కట్టుకుని, చుట్టాలతో, డప్పులవాళ్లతో నిలబడి ఉంది. ఆయన ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో మేనేజరు గదిలోకి వెళ్లి, డ్రైవరు బ్యాడ్జీ విప్పి బల్ల మీద పెట్టాడు.

చక్రధరరావు చిరునవ్వుతో ఒక కాగితం అందించాడు.

"అభినందనలు తవిటినాయుడూ! రేపటినుంచి నువ్వు కొత్త డ్రైవరువి."

"ఏటి బాబూ?"

"పదవీ విరమణకి విరుద్ధ చర్య నియామకం. ఇది నీ నియామక ఉత్తర్వు. రేపు ఉదయం కొత్త డ్రైవర్ల శిక్షణకి హాజరు కావాలి. గేర్లు ఎలా మార్చాలో నేర్పిస్తారు. విరామం తేలగానే నిన్ను రిటైర్ చేస్తాం."

గేటు బయట డప్పులు మోగుతున్నాయి. తవిటినాయుడు ఆ కాగితాన్ని చూశాడు. స్టీరింగు పోతుందని ఎన్ని రాత్రులు నిద్ర పట్టక దొర్లాడో గుర్తొచ్చింది. ఇప్పుడు స్టీరింగు తనని వదలనంటోంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కాగితాన్ని తిరిగి బల్ల మీద, బ్యాడ్జీ పక్కన పెట్టేసి, గుమ్మం వైపు నడిచాడు.

"ఆగు! పూర్వ విరుద్ధ చర్య లేకుండా వెళ్లడానికి వీల్లేదు," అన్నాడు మేనేజరు.

తవిటినాయుడు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"అది అయిపోనాది బాబూ. ఎల్డానికి యెతిరేకం రావడమే గదా. ముప్పయ్యేళ్లు వానలో, ఎండలో, జొరాల్లో, ఇంట్లో సావు జరిగిన్నాడు కూడా వచ్చినాను. ఇంక ఎల్డమే."

మేనేజరు సన్యాసిరావు వైపు చూశాడు. సన్యాసిరావు సర్క్యులర్ తీసి, మొదట్నుంచి చివరిదాకా ఒకసారి చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"చెల్లుతుంది సార్," అన్నాడు.